ఉపనిషత్తులో కూర్చున్నది ఎవరు?

ఉపనిషత్తు అంటే ఏమిటని ఎవరిని అడిగినా ఒకే జవాబు వస్తుంది. ఉప అంటే దగ్గర, ని అంటే కింద, సద్ అంటే కూర్చోవడం. గురువు పాదాల చెంత కూర్చుని నేర్చుకునే విద్య కనుక ఉపనిషత్తు. ప్రవచనాల్లో ఇదే, పాఠ్యపుస్తకాల్లో ఇదే, పుస్తకాల ముందుమాటల్లోనూ ఇదే. ఈమధ్య ఒక మిత్రుడు పిల్లల క్విజ్ పోటీకి తయారుచేసిన ప్రశ్నలు చూసి పెట్టమని పంపితే అందులోనూ ఇదే కనిపించింది. నాలుగు జవాబుల్లో "రహస్యం" అన్నది కూడా ఉంది, కాకపోతే తప్పు జవాబుగా. "రహస్యం అన్న పిల్లలకు కూడా మార్కు ఇవ్వాలి కదండీ" అని రాశాను. రెండు సరైన జవాబులుంటే తల్లిదండ్రులు గొడవ పెడతారని, అందుకే రహస్యాన్ని తీసేసి అక్కడ "మంత్రం" పెట్టానని ఆయన బదులిచ్చారు. పోటీ నడిపేవాళ్ళ ఇబ్బంది వాళ్ళది. కానీ ఆయన తీసేసిన మాటే అసలు అర్థానికి దగ్గరగా ఉందని నా నమ్మకం.

దగ్గర కూర్చోవడం అనే అర్థాన్ని వ్యాకరణం అడ్డుకోదు. అయితే ఆ మాటను మొదట వాడినవాళ్ళు ఎక్కడెక్కడ, ఎలా వాడారో చూస్తే అందులో గురువూ పాదాలూ కనిపించవు. పైకి కనిపించని ఒక ముడి కనిపిస్తుంది; ఒక గుట్టు పేరు కనిపిస్తుంది. తెలుసుకోవలసిన విషయానికి పెట్టిన పేరును మనం తెలుసుకునేవాడి భంగిమకు పేరుగా మార్చేశాం. భంగిమ అనగానే వినయం, వినయం అనగానే విధేయత, ఆ వెంటనే "అడగకుండా విను" అనే ఉపదేశం. చాలా ప్రవచనాల్లో ఈ వ్యుత్పత్తి సరిగ్గా ఆ పనికే వస్తోంది. నా అభ్యంతరం అక్కడే మొదలైంది.

నిలబడి చెప్పిన ఉపనిషత్తు

బృహదారణ్యకోపనిషత్తు రెండో అధ్యాయం మొదట్లో గార్గ్య గోత్రీకుడు బాలాకి అనే పండితుడు వస్తాడు. గ్రంథమే ఆయనను దృప్తుడు అంటుంది, అంటే గర్విష్ఠి. కాశీరాజు అజాతశత్రువు దగ్గరికి వచ్చి, నీకు బ్రహ్మం గురించి చెబుతాను అన్నాడు. ఆ ఒక్క మాటకే వెయ్యి ఆవులు ఇస్తానన్నాడు రాజు. బాలాకి సూర్యుడిలోని పురుషుడితో మొదలుపెట్టి, చంద్రుడు, మెరుపు, గాలి, నీరు, అద్దం, నీడ అంటూ పన్నెండు చెప్పాడు. ప్రతిదానికీ రాజు, అది నాకు తెలుసు, అది ఇంతవరకే అని పక్కన పెట్టేశాడు. పండితుడి దగ్గర సరుకు అయిపోయింది. నన్ను శిష్యుడిగా తీసుకో అన్నాడు. బ్రాహ్మణుడు క్షత్రియుడి దగ్గరికి అలా రావడం తలకిందుల వ్యవహారం, అయినా తెలియజేస్తాను అని రాజు బాలాకి చెయ్యి పట్టుకుని లేచి నిలబడ్డాడు.

ఇద్దరూ నడిచి వెళ్ళింది నిద్రపోతున్న ఒక మనిషి దగ్గరికి. రాజు అతన్ని పెద్ద పెద్ద పేర్లతో పిలిచాడు. లేవలేదు. చేత్తో తట్టి లేపితే లేచాడు. నిద్రపోతున్నప్పుడు ఇతనిలోని తెలివి ఎక్కడికి పోయింది, ఇప్పుడు ఎక్కడినుంచి వచ్చింది? పాఠం అక్కడ మొదలైంది. సాలెపురుగు తన దారం మీదుగా పైకి పాకినట్టు, నిప్పునుంచి చిన్న రవ్వలు లేచినట్టు అన్నీ ఈ ఆత్మనుంచే వస్తాయని చెప్పి రాజు చివర అన్న మాట ఇది: దాని ఉపనిషత్తు "సత్యస్య సత్యం". ప్రాణాలు సత్యం, వాటికి ఇది సత్యం.

ఈ వాక్యంలో ఉపనిషత్తు అన్నచోట "దగ్గర కూర్చోవడం" పెట్టి చదివి చూడండి, అర్థం పొసగదు. "దాని గుట్టు పేరు" అని పెడితే వాక్యం సాఫీగా నడుస్తుంది. పైగా ఈ ఉపనిషత్తు చెప్పేముందు చెప్పేవాడు, వినేవాడు ఇద్దరూ లేచి నడిచి వెళ్ళారు. ఆ సన్నివేశంలో కింద ఉన్నది నిద్రపోతున్నవాడు ఒక్కడే. అతను కూడా కూర్చోలేదు, పడుకున్నాడు.

ఎదురు సాక్ష్యం కూడా చెప్పాలి. అదే అధ్యాయంలో యాజ్ఞవల్క్య మహర్షి తన భార్య మైత్రేయితో "ఏహి, ఆస్స్వ" అంటాడు. రా, కూర్చో, వివరిస్తాను అని. కాబట్టి ఉపనిషత్తుల్లో ఎవరూ కూర్చోలేదని నేను అనడం లేదు. నేర్చుకునేవాళ్ళు కూర్చుంటారు, ఏ చదువైనా అంతే. అయితే ఇక్కడ కూర్చోమనడానికి వాడింది వేరే ధాతువు, అంటే వేరే క్రియామూలం. ఇక శిష్యులు గురువును చేరే ఘట్టాల్లో మామూలుగా కనిపించే క్రియ "ఉపసద్". నారదుడు సనత్కుమారుడి దగ్గరికి వెళ్ళి నాకు చెప్పండి అన్నప్పుడు ఛాందోగ్యోపనిషత్తు వాడింది "ఉపససాద". శౌనకుడు అంగిరసుడిని, ఆరుగురు జిజ్ఞాసువులు పిప్పలాదుణ్ణి చేరినప్పుడు "ఉపసన్న". మధ్యలో "ని" లేదు. గురువును చేరడానికి వాళ్ళకు సిద్ధంగా ఒక క్రియ ఉంది, దాన్నే వాడుకున్నారు. ఉపనిషత్తు అనే మాటను ఇంకో పనికి అట్టేపెట్టుకున్నారు.

అథర్వవేదం పందొమ్మిదో కాండలో మాత్రం సరిగ్గా ఉప-ని-సద్ క్రియ ఉన్న మంత్రం ఒకటి ఉంది. "భద్రమిచ్ఛంత ఋషయః స్వర్విదస్తపో దీక్షాముపనిషేదురగ్రే." మేలు కోరిన ఋషులు మొదట తపస్సుకూ దీక్షకూ కూర్చున్నారు. అక్కడ వాళ్ళు చేరింది మనిషిని కాదు.

ధాతువు ఎటు లాగితే అటు

మా మేనమామ సంస్కృతం చెప్పి రిటైరయ్యారు. ఈ సంగతి ఎత్తగానే ఆయన నవ్వి, "ఒరే, నువ్వు కూర్చోవడం మీద పడ్డావు, అసలు ధాతుపాఠంలో సద్ ధాతువుకు ఏం అర్థాలున్నాయో చూశావా?" అన్నారు. ధాతుపాఠం అంటే సంస్కృత ధాతువులనూ వాటి అర్థాలనూ ఇచ్చే పాత జాబితా. చూస్తే విశరణం, గతి, అవసాదనం అని మూడు ఉన్నాయి. సడలిపోవడం, పోవడం, కుంగిపోవడం. జాబితాలో కూర్చోవడం అనే మాటే లేదు. వాడుకలో ఆ అర్థం నిక్షేపంగా ఉంది, "సీదతి" అంటే కూర్చుంటాడనే. అయినా మనం వేల ఏళ్ళుగా వస్తున్నదని చెప్పుకునే వ్యుత్పత్తి ధాతుపాఠం ఇచ్చిన అర్థాలమీద నిలబడలేదు.

శంకరాచార్యులు నిలబడింది ఆ మూడు అర్థాల మీదే. కఠోపనిషత్తు భాష్యం మొదట్లోనే ఆయన ఈ ధాతువును విప్పారు. సంసారానికి విత్తనమైన అవిద్యను సడలించి నశింపజేస్తుంది, బ్రహ్మం దగ్గరికి చేరుస్తుంది, కనుక ఆ విద్యకు ఉపనిషత్తు అని పేరు అన్నారు. గురుపాదాల ఊసు లేదు. ఆయన ఇంకో మెట్టు ఎక్కి, ఈ మాట ముఖ్యార్థంలో విద్యకే చెందుతుంది, గ్రంథానికి ఉపచారంగా మాత్రమే వాడుతున్నాం అన్నారు. నెయ్యిని ఆయుష్షు అన్నట్టు. అంటే మనం అరలో పెట్టుకున్న పుస్తకాన్ని ఉపనిషత్తు అనడమే శంకరుల లెక్కలో లక్షణ, అంటే ముఖ్యార్థం కాక దానికి సంబంధించిన అర్థం. ఆయన గురుభక్తిని ఎవరూ శంకించలేరు కదా. అలాంటాయన కూడా ఈ మాటలో గురువు పక్కన శిష్యుడిని కూర్చోబెట్టవలసిన అవసరం చూడలేదు.

మరి కూర్చోబెట్టింది ఎవరు? ఈ అర్థానికి ఇంత ప్రచారం రావడంలో పందొమ్మిదో శతాబ్దపు యూరోపు పండితుల చెయ్యి ఉంది. మాక్స్ ముల్లర్ గురువు చుట్టూ శిష్యులు కూర్చున్న గోష్ఠి అన్నారు. డాయిసన్ వాదం ఇంకాస్త పదునైనది. పరిషత్తు అంటే చుట్టూ కూర్చోవడం, సంసత్తు అంటే కలిసి కూర్చోవడం, ఆ రెండూ బహిరంగ సభలు. దానికి వ్యతిరేకంగా ఉపనిషత్తు అంటే దగ్గరగా, గుట్టుగా కూర్చోవడం, అందువల్ల రహస్యం. వినడానికి ఎంత బాగుందో. జిల్లా పరిషత్తులూ సాహిత్య పరిషత్తులూ ఉన్న మనకు ఇది చటుక్కున నచ్చుతుంది కూడా. కానీ పోలిక బాగున్నంత మాత్రాన చరిత్ర అయిపోదు. ఓల్డెన్‌బర్గ్ దీన్ని ఒప్పుకోక ఉపాసన అన్న అర్థానికి దగ్గరగా లాగారు. ఇరవయ్యో శతాబ్దంలో ఫ్రెంచి పండితుడు రెను వచ్చి, అసలు ఇది విషయాల మధ్య సంబంధాన్ని చెప్పే మాట అన్నారు. నేను ఈయన పక్షం.

మామయ్య దీనికి ఒప్పుకోలేదు. "రెండు ఉపసర్గలు, ఒక ధాతువు కళ్ళెదుట ఉండగా కూర్చోవడాన్ని కాదంటావేమిటి?" అన్నారు. నేను ఆయన నేర్పిన మాటే ఆయనకు అప్పజెప్పాను: యోగం కంటే రూఢి బలమైనది, అంటే పదాన్ని విడదీస్తే వచ్చే అర్థం కంటే వాడుకలో స్థిరపడ్డ అర్థం బలమైనది. ప్రవీణుడు అంటే వీణ బాగా వాయించేవాడు. అయినా శస్త్రచికిత్సలో ప్రవీణుడైన డాక్టరును వీణ ఏదని మనం అడగం. కుశలుడు అంటే దర్భలు కోసేవాడు. వేలు తెగకుండా కోయడానికి నేర్పు కావాలి కనుక నేర్పరి అయ్యాడు. పదాన్ని ముక్కలు చేస్తే పుట్టుక తెలుస్తుంది. వాక్యంలో ఏం పని చేస్తోందో చూస్తేనే అర్థం తెలుస్తుంది. "అయితే వాక్యాలు చూపించు" అన్నారు ఆయన. న్యాయమైన కోరిక.

రెండు విషయాల మధ్య

తైత్తిరీయోపనిషత్తులో శీక్షావల్లి అనే భాగం మూడో అనువాకంలో ఇలా ఉంది: ఇప్పుడు సంహిత యొక్క ఉపనిషత్తును వివరిస్తాం. సంహిత అంటే అక్షరాలు కలవడం, మన బడి భాషలో సంధి. ముందు అక్షరం, వెనక అక్షరం, రెండూ కలిసే చోటు, కలిపేది అని నాలుగు అంశాలు తీసుకుని వాటిని ఐదు చోట్ల చూపిస్తారు. లోకాల విషయంలో భూమి ముందు రూపం, ద్యులోకం, అంటే స్వర్గం, వెనక రూపం, ఆకాశం సంధి, వాయువు కలిపేది. తేజస్సుల విషయంలో అగ్ని, సూర్యుడు, నీరు, మెరుపు. సంతానం విషయంలో తల్లి, తండ్రి, బిడ్డ, పుట్టుక. శరీరంలో కింది దవడ, పై దవడ, వాక్కు, నాలుక.

మధ్యలో విద్య విషయం కూడా ఉంది. ఆచార్యుడు ముందు రూపం. అంతేవాసి వెనక రూపం. విద్య సంధి. ప్రవచనం కలిపేది.

నా వాదనకు ఇంతకంటే బలమైన సాక్ష్యం దొరకదు. శిష్యుడికి ఇక్కడ వాడిన మాట చూడండి, అంతేవాసి. దగ్గర ఉండేవాడు అని. గురుసామీప్యానికి ఆ గ్రంథంలోనే వేరే మాట ఉంది! ఆ గురుశిష్యుల జంట ఇక్కడ ఐదు ఉదాహరణల్లో ఒకటి మాత్రమే. ఉపనిషత్తు అన్న పేరు ఆ జంటది కాదు, ఐదింటినీ పక్కపక్కన పెట్టి చూపిస్తున్న పోలికది. భూమి పక్కన ద్యులోకం, తల్లి పక్కన తండ్రి, కింది దవడ పక్కన పై దవడ. ఇప్పుడు ఉప-ని-సద్ అన్నది మళ్ళీ చదివితే, దగ్గర కూర్చున్నవి ఇవే అనిపిస్తుంది నాకు. ధాతువు తప్పు చెప్పలేదు. కూర్చున్నవాళ్ళను మనం పొరపాటుగా గుర్తుపట్టాం.

బృహదారణ్యకం ఐదో అధ్యాయంలో ఇంకో చోటు. సూర్యమండలంలో ఉన్న పురుషుడి ఉపనిషత్తు "అహర్", అంటే పగలు. కుడి కంట్లో ఉన్న పురుషుడి ఉపనిషత్తు "అహం", అంటే నేను. ఆ ఇద్దరూ ఒకరిమీద ఒకరు ఆధారపడి ఉన్నారని అంతకుముందే చెప్పారు. ఆకాశంలో వెలిగేదానికీ కంట్లోంచి చూసేదానికీ మధ్య ఉన్న లంకె రెండు పేర్ల పోలికలో దాగి ఉందన్నమాట. ఇది శబ్దంతో ఆడిన ఆట అని ఎవరైనా చప్పరించవచ్చు. నిజమే, ఆటే. కానీ ఉపనిషత్తు అనే మాటకు అప్పటివాళ్ళు ఏ అర్థం ఇచ్చుకున్నారన్నది తేల్చడానికి ఆ ఆట చాలు.

ఈ అర్థం వేదాంతుల గడప దాటి కూడా కనిపిస్తుంది. పాళీ భాషలో ఇదే మాట "ఉపనిస"గా మారి కారణం, ఆధారం అన్న అర్థంలో స్థిరపడింది. బౌద్ధుల సంయుత్త నికాయంలోని ఒక సుత్తంలో దుఃఖం శ్రద్ధకు ఉపనిస, శ్రద్ధ సంతోషానికి ఉపనిస అంటూ ఒకదానికొకటి తగిలించిన గొలుసు ఉంది. దుఃఖం శ్రద్ధ పాదాల దగ్గర కూర్చుందని ఎవరూ అనువదించరు. వ్యాకరణంలో పాణిని కూడా పోలిక చెప్పే సందర్భంలో ఉపనిషత్ శబ్దానికి ఒక సూత్రం కేటాయించాడు. అయితే వ్యాఖ్యాతలు ఆ రూపాన్ని "ఉపనిషత్తులాగా చేసి" అని విప్పుతారు కనుక దాన్ని నా సాక్షిగా బోనులో నిలబెట్టడానికి నాకు ధైర్యం చాలదు.

ఉపనిషత్తును తెలుగు చేయమంటే నేను రహస్యం కంటే మర్మం వైపు మొగ్గుతాను. రహస్యంలో ఉన్నది ఏకాంతం, పక్కన ఎవరూ లేకపోవడం. గుహ్యంలో ఉన్నది దాచడం. మర్మం వేరే. ప్రాచీన వైద్యుడు సుశ్రుతుడి లెక్కలో శరీరంలో 107 మర్మాలున్నాయి. మాంసం, సిరలు, స్నాయువులు, ఎముకలు, కీళ్ళు కలిసే చోట్లు అవి. పైకి కనిపించవు, తెలిసినవాడి వేలికి తగులుతాయి. కలిసే చోటూ అదే, గుట్టూ అదే. "అందులో మర్మం ఏమిటి?" అని మనం అడిగేటప్పుడు ఈ రెండు అర్థాలూ తెలియకుండానే నోట్లో ఉంటాయి.

కౌటిల్యుడి పొడులు, అసురుల నమ్మకం

ఉపనిషత్తు అన్న మాట వినగానే మనసు కాస్త చేతులు కట్టుకుంటుంది. ఆ అలవాటును వదిలించాలంటే అర్థశాస్త్రం పద్నాలుగో అధికరణం, అంటే పద్నాలుగో భాగం చదవాలి. దాని పేరు ఔపనిషదికం. అందులో ఉన్నది శత్రువు మీద ప్రయోగించే విషాలు, పొగలు, మోసాలు, చీకట్లో కనిపించేలా చేసే అంజనాలు, వాటికి విరుగుళ్ళు. కామసూత్రాల చివరిదైన ఏడో అధికరణం పేరు కూడా ఔపనిషదికమే. అక్కడ వశీకరణ లేపనాలూ బలవర్ధక యోగాలూ ఉంటాయి. రెండు శాస్త్రాల్లోనూ ఇది చివరనో చివరికి దగ్గర్లోనో, మామూలు ఉపాయాలు పనిచేయకపోతే చూసుకోమన్నట్టు ఉంటుంది. ఇక్కడ ఔపనిషదికాన్ని తెలుగులో చెప్పాలంటే "కిటుకులు" అనాలి. ఏ గురుపాదాలూ అక్కడ లేవు. ఒక పొడికీ దాని ఫలితానికీ మధ్య కంటికి కనిపించని లంకె ఉందన్న నమ్మకం ఉంది, అంతే. బ్రహ్మవిద్యనుంచి విషప్రయోగం దాకా ఈ మాట జారిపోయిందని కొందరు బాధపడతారు. నాకైతే అది జారినట్టు అనిపించదు. రెండు చోట్లా చేసే పని ఒకటే.

ఛాందోగ్యం ఎనిమిదో అధ్యాయంలో ఉన్నది ఇంకా ఇబ్బందికరమైన సంగతి. దేవతల తరఫున ఇంద్రుడు, అసురుల తరఫున విరోచనుడు, ఆత్మ గురించి తెలుసుకోవాలని ఇద్దరూ ప్రజాపతి దగ్గర 32 ఏళ్ళు బ్రహ్మచర్యం చేశారు. నీళ్ళ మూకుడులో మిమ్మల్ని చూసుకోండి, అదే ఆత్మ అన్నాడు ఆయన. బాగా అలంకరించుకుని మళ్ళీ చూడమన్నాడు. చూసుకున్నారు, తృప్తిగా వెళ్ళిపోయారు. దేవతలు కానీ అసురులు కానీ, ఎవరికి ఇదే ఉపనిషత్తు అవుతుందో వాళ్ళు ఓడిపోతారు అని వెనకనుంచి ప్రజాపతి అనుకున్నాడు. విరోచనుడు వెళ్ళి శరీరమే ఆత్మ అని తన వాళ్ళకు బోధించాడు. ఇంద్రుడు సగం దారిలో అనుమానం వచ్చి తిరిగి వచ్చాడు. అలా వచ్చి వచ్చి మొత్తం 101 ఏళ్ళు ఉన్నాడు. శవానికి బట్టలు, నగలు పెట్టి పరలోకం గెలుస్తామనుకోవడం అసురుల ఉపనిషత్తు అని గ్రంథం స్పష్టంగా అంటుంది.

అంటే తప్పుడు ఉపనిషత్తు కూడా ఉండవచ్చు. దేనికీ దేనికీ మధ్య ముడి వేసుకుని ఆ ముడి మీద బతుకు నడుపుతున్నామో అదే మన ఉపనిషత్తు. అది నిజమై ఉండాలన్న నియమం లేదు. గమనించండి, గురువు దగ్గర ఉండే విషయంలో విరోచనుడికి ఏ లోపమూ లేదు. ఇంద్రుడితో సమానంగా 32 ఏళ్ళు ఉన్నాడు. ఇద్దరికీ తేడా సామీప్యంలో రాలేదు, ఇంద్రుడు అనుమానించడంలో వచ్చింది. "దగ్గర కూర్చోవడమే ఉపనిషత్తు" అని చెప్పే ప్రవచనకర్త ఎవరైనా ఈ కథను ఆ వ్యుత్పత్తి పక్కనే పెట్టి చెబితే వినాలని ఉంది.

రహస్యం అంటే దాచినదేనా?

రహస్యం అన్న అర్థాన్ని నేను ఇంతగా సమర్థించాక దాని ఇబ్బందులు కూడా నావే. కేనోపనిషత్తు చివర ఒక శిష్యుడు, అయ్యా, ఉపనిషత్తు చెప్పండి అంటాడు. శంకరులు ఇక్కడ ఉపనిషత్తుకు రహస్యం అనే అర్థం చెప్పారు. గురువు జవాబు: చెప్పేశాం కదా, బ్రహ్మానికి సంబంధించిన ఉపనిషత్తే నీకు చెప్పాం. పాపం ఆ శిష్యుడు అంతా విన్నాక కూడా, అసలు గుట్టు ఇంకేదో చివర విప్పుతారని కాచుకున్నాడు. "అసలు రహస్యం ఇదే" అన్న శీర్షిక చూసి చివరిదాకా చదివే మనకూ అతనికీ పెద్ద తేడా లేదు. గురువు మాత్రం దేన్నీ దాచలేదు.

ఇదొక్కటే కాదు. తైత్తిరీయంలో చదువు ముగించి వెళ్ళే శిష్యుడికి, నిజం చెప్పు, ధర్మం ఆచరించు, తల్లినీ తండ్రినీ దేవుడిగా చూసుకో అని చెప్పి, ఇదే వేదోపనిషత్తు అంటారు. ఇందులో దాచవలసింది ఏముంది? కఠంలో ఈ "పరమం గుహ్యం" బ్రాహ్మణుల సభలో వినిపించేవాడికి అనంత ఫలం అని ఉంది. గుహ్యమూ ఒకే శ్లోకంలోనే, సభా ఒకే శ్లోకంలోనే! భగవద్గీతలో కృష్ణుడు గుహ్యాలన్నిటిలో గుహ్యం అని అర్జునుడికి చెబితే, దాన్ని సంజయుడు విన్నాడు, విని ధృతరాష్ట్రుడికి చెప్పాడు, పైగా ఈ పరమ గుహ్యాన్ని నేను విన్నాను అని మురిసిపోయాడు. ఇప్పుడు అది ఊరి మైకులో వినిపిస్తుంది. 1657లో మొగల్ రాకుమారుడు దారా షికో కాశీ పండితుల సాయంతో యాభై ఉపనిషత్తులను పారసీలోకి మార్చి "సిర్రె అక్బర్" అని పేరు పెట్టాడు, మహారహస్యం అని. దాన్ని లాటిన్‌లోకి మార్చిన ఫ్రెంచి పండితుడు ఆంకెతిల్ దుపెరాన్ 1801, 1802 సంవత్సరాల్లో అచ్చువేసిన పుస్తకానికి పేరు పక్కనే "దాచవలసిన రహస్యం" అనే అర్థం వచ్చే మాట పెట్టాడు. దాచవలసినదని అట్ట మీద అచ్చువేసి అమ్మడం ఎంత ముచ్చటైన పనో.

ఇవన్నీ చూసి, ఇక్కడ రహస్యం అంటే దాచినది కాదు, చెప్పినా కనిపించనిది మాత్రమే అని తేల్చేయాలని నాకు ఆశ. కానీ అంత తేలిగ్గా తేల్చలేను. పెద్ద కొడుక్కో యోగ్యుడైన శిష్యుడికో తప్ప, సముద్రం చుట్టిన భూమినంతా ధనంతో నింపి ఇచ్చినా ఇంకెవరికీ చెప్పవద్దు అని ఛాందోగ్యంలోనే ఉంది. కొడుకూ శిష్యుడూ కానివాడికి ఇవ్వకూడదని శ్వేతాశ్వతరం అంటుంది. బ్రహ్మసూత్రాల మొదటి అధ్యాయంలో శూద్రులకు ఈ విద్యలో అధికారం లేదని ఒక అధికరణమే ఉంది. వేదం విన్న శూద్రుడి చెవుల్లో సీసం, లక్క పోయాలన్న స్మృతివాక్యాన్ని శంకరులు అక్కడ ఉదాహరించారు. తండ్రి ఎవరో తెలియదని నిజం చెప్పిన సత్యకామ జాబాలుణ్ణి గౌతముడు చేర్చుకున్న కథను మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ కథను కూడా, నిజం చెప్పాడు కనుక బ్రాహ్మణుడేనని తేలింది అని చదివిన సంప్రదాయం ఉంది. కాబట్టి కంటికి కనిపించని ముడి అన్న అందమైన అర్థం పక్కనే తలుపుకు వేసిన గడియ కూడా ఉంది. మొదటిదే అసలు అర్థమని నేను వాదించగలను. రెండోది లేదని వాదిస్తే అబద్ధమవుతుంది. నిజానికి "గురువు దగ్గర కూర్చోవడం" అన్న వ్యుత్పత్తి మనకు ఇంత హాయిగా ఉండడానికి ఇదీ ఒక కారణమేమో. అది ఎవరిని కూర్చోనివ్వలేదన్న ప్రశ్నను రానివ్వదు.

బృహదారణ్యకంలో నిజంగానే గుట్టుగా జరిగిన సంభాషణ ఒకటి ఉంది. జనకుడి సభలో యాజ్ఞవల్క్యుడిని ఒక్కొక్కరే నిలదీస్తున్నారు, పందెం వెయ్యి ఆవులు. ఆర్తభాగుడి వంతు వచ్చింది. మనిషి చనిపోయాక వాక్కు అగ్నిలో, ప్రాణం గాలిలో, చూపు సూర్యుడిలో కలిసిపోతే అప్పుడు ఈ మనిషి ఎక్కడ ఉంటాడు అని అడిగాడు. అప్పటిదాకా అందరికీ సభలోనే జవాబు చెప్పిన యాజ్ఞవల్క్యుడు, చెయ్యి ఇలా ఇవ్వు నాయనా, ఇది మనిద్దరం తెలుసుకుందాం, ఈ జనం మధ్య కాదు అని బయటికి తీసుకుపోయాడు. వాళ్ళు ఏం మాట్లాడుకున్నారో గ్రంథం దాచిపెట్టలేదు. కర్మ గురించి మాట్లాడుకున్నారు, మంచి పనితో మంచివాడవుతాడు, చెడ్డ పనితో చెడ్డవాడవుతాడు అని రాసేసింది.

"చేసుకున్నవాళ్ళకు చేసుకున్నంత" అని మన ఇళ్ళల్లో ఎవరైనా అంటారు ఆ మాట. సామెత అయిపోయిన సంగతిని ఆ రోజు సభలో ఎందుకు చెప్పలేదు? చేసినదానికీ అయ్యేదానికీ మధ్య ముడి అప్పటికి కొత్తది అయి ఉండవచ్చు, విన్నవాళ్ళు అపార్థం చేసుకుంటారన్న జంకు కావచ్చు. నా ఊహ ఇంకొకటి. ఆ సభలో చాలా ప్రశ్నలు యాజ్ఞవల్క్యుణ్ణి ఓడించడానికి వేసినవి. ఆర్తభాగుడు కూడా అలాగే మొదలుపెట్టాడు, గ్రహాలెన్ని, అతిగ్రహాలెన్ని అని లెక్కలు అడుగుతూ. ఇక్కడ గ్రహాలంటే పట్టుకునే ఇంద్రియాల వంటివి, అతిగ్రహాలంటే వాటిని పట్టుకునే విషయాలు. చివరి ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి అతను పందెం సంగతి మరచిపోయి, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. యాజ్ఞవల్క్యుడికి ఆ తేడా తెలిసింది.